కంప్యూటర్ మోత ఎటు పోయింది?



మన చేతిలో ఫోన్ చప్పుడు చెయ్యదు. కానీ ఒకప్పుడు కంప్యూటర్ అంటేనే మోత.

1944 నాటి హార్వర్డ్ మార్క్ 1 పొడవు 51 అడుగులు. లోపల రిలేలు టకటకా కొట్టుకునేవి. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్‌లో దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులు. అవి బాగా వేడెక్కేవి, చల్లార్చడానికి పెద్ద ఫ్యాన్లు తిరగాల్సిందే. తర్వాత లైన్ ప్రింటర్ల గోల.

ఆ శబ్దం పనికి కూడా వచ్చింది. ఇంగ్లాండులో ఫెరాంటీ మార్క్ 1కి స్పీకర్ ఉండేది, ప్రోగ్రాం ఎలా నడుస్తుందో చెవితోనే పట్టేవాళ్ళు. 1951లో దానితో వాయించిన పాటల్ని బీబీసీ రికార్డు చేసింది.

ట్రాన్సిస్టర్లు, చిప్పులు వచ్చాక ఒక్కో లెక్కకు పట్టే కరెంటు, వేడి తగ్గాయి. హార్డ్ డిస్క్‌లో పళ్ళేలు గిర్రున తిరిగేవి, ఎస్ఎస్‌డీలో కదిలేదే లేదు.

మరి మోత పోయిందా? లేదు, ఊరు మారింది. మనం చూసే వీడియోలు డేటా సెంటర్లలో ఉంటాయి. అక్కడ సర్వర్లకు, కూలింగ్‌కు రాత్రింబగళ్ళు ఫ్యాన్లు తిరుగుతాయి. అమెరికాలోని వర్జీనియాలో పక్కన ఉండేవాళ్ళు ఆ హోరు భరించలేక ఫిర్యాదులు చేశారు.

విశాఖలో భారీ డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. ఉద్యోగాలు ఎన్ని అని అడుగుదాం. భూమి, నీళ్ళు, కరెంటు ఎవరివి, ఆ మోత ఎవరి చెవిన పడుతుంది అని కూడా అడుగుదాం.