క్షయ టీకా మూత్రాశయానికి చేరిన దారి

మూత్రాశయం లోపలి పొర మీద లేచిన క్యాన్సర్ గడ్డను గీకి తీసెయ్యడం సర్జన్‌కు పెద్ద కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాతే. కొన్ని నెలలకో, ఏడాదికో అదే పొర మీద మరోచోట మళ్లీ మొలుస్తుంది. మళ్లీ ఆపరేషన్, మళ్లీ పరీక్షలు. ఈ అవస్థకు అడ్డుకట్ట వేసిన మందు క్యాన్సర్ కోసం పుట్టింది కాదు. మన భుజాల మీద మచ్చ వదిలిన క్షయ టీకా బీసీజీయే అది.

ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో 1908లో ఆల్బర్ట్ కాల్మెట్, కామిల్ గెరాన్ పశువుల క్షయ క్రిమిని తీసుకుని, గ్లిజరిన్, ఎద్దు పైత్యరసం పట్టించిన బంగాళాదుంప ముక్కల మీద పెంచడం మొదలుపెట్టారు. మూడేసి వారాలకు దాన్ని కొత్త ముక్క మీదికి మార్చేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊరు జర్మన్ల చేతికి పోయినా పని ఆపలేదు. 13 ఏళ్లలో 230 సార్లు మార్చాక ఆ క్రిమి చావు తెచ్చే బలం పోగొట్టుకుంది. 1921లో పారిస్‌లో తొలిసారి ఒక పసిబిడ్డకు టీకాగా ఇచ్చారు. మన దేశంలో 1948లో దీన్ని మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి.

ఇక ఈ టీకాను క్యాన్సర్ వైపు నడిపిన ఆధారాలు. క్షయ ఉన్నవాళ్లలో క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోందని 1929లో బాల్టిమోర్‌లో శాస్త్రవేత్త రేమండ్ పెర్ల్ శవపరీక్షల లెక్కలు చూపి రాశారు. 1959లో పరిశోధకుడు లాయిడ్ ఓల్డ్ బృందం బీసీజీ ఎక్కించిన ఎలుకల్లో గడ్డలు సరిగా పెరగలేదని గమనించింది.

దీన్ని మనుషుల మూత్రాశయం దాకా తెచ్చింది కెనడాలోని కింగ్‌స్టన్‌లో పనిచేసిన యూరాలజిస్టు అల్వారో మొరాలెస్. 1976లో ఆయన 9 మంది రోగుల అనుభవాన్ని ప్రచురించారు. 120 మిల్లీగ్రాముల టీకాను 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి, సన్నని గొట్టంతో నేరుగా మూత్రాశయంలోకి పంపి, రెండు గంటలు ఆపుకోమన్నారు. వారానికోసారి, ఆరు వారాలు. ఆరే ఎందుకు? టీకా ఆరేసి సీసాల పెట్టెలో వచ్చేది! మంట, జ్వరం వారంలోపే తగ్గేవి కాబట్టి వారం ఎడం. అంత మామూలు కారణంతో పుట్టిన ఆరు వారాల లెక్కనే నేటికీ డాక్టర్లు మొదటి విడతగా పాటిస్తున్నారు.

బతికున్న క్రిమి లోపలి పొరకు అంటుకోగానే రక్షణ కణాలు అక్కడికి గుమికూడతాయి. గీకాక మిగిలిపోయిన క్యాన్సర్ కణాలూ ఆ దాడిలో చస్తాయి. అమెరికా 1990లో ఈ చికిత్సను ఆమోదించింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వాడేందుకు, రక్షణ కణాలను ఉసిగొల్పే ఇపిలిముమాబ్ అనే మందుకు అక్కడ అనుమతి వచ్చింది 2015లో. అప్పటికే ఈ పాత టీకా పాతికేళ్లుగా మూత్రాశయంలో అలాంటి పనే చేస్తోంది.

అలాంటి మందుకే కొరత రావడం బాధాకరం. క్రిమి మెల్లగా పెరుగుతుంది, ఒక బ్యాచ్‌కు నెలలు పడుతుంది, ధర తక్కువ. 2012లో టొరంటోలోని సనోఫీ ఫ్యాక్టరీలో తయారీ ఆగింది. తర్వాత ఆ కంపెనీ పూర్తిగా తప్పుకోవడంతో అమెరికాకు మెర్క్ ఒక్కటే మిగిలింది. సరుకు చాలనప్పుడు ఒకరి డోసును ముగ్గురికి పంచాల్సి వచ్చింది.