దిడ్డి తలుపు

1687 సెప్టెంబరు 21. తెల్లవారడానికి ఇంకా మూడు గంటలుంది. గోల్కొండ బయటి గోడ మీద, మోకాళ్లకు బరిసె ఆనించుకుని కూర్చున్నావు. వానకు నానిన రాతి చలి వెన్నులోకి ఎక్కుతోంది. రెప్పలు వాలిపోతున్నాయి. వాల్చకు.

కింద చీకట్లో ఔరంగజేబు గుడారాలు. దాదాపు ఎనిమిది నెలలుగా అక్కడే ఉన్నాయి.

మే నెలలో ఇలాంటి రాత్రే ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు నిచ్చెనలు వేసుకుని గోడ ఎక్కేశారు. కాపలావాళ్లెవరూ చూడలేదు. ఒక వీధికుక్క మొరిగింది. మీరంతా ఉలిక్కిపడి లేచి వాళ్లను కిందికి తోసేశారు. మీ సుల్తాను తానాషా ఆ కుక్క మెడకు బంగారు గొలుసు వేయించాడు. తర్వాత వాళ్లు గోడ కింద సొరంగాలు తవ్వి మందుగుండు కూరారు. మీవాళ్లు లోపలి నుంచి ఎదురు తవ్వి, చాలా మందు తోడేసి, మిగిలినదాని మీద నీళ్లు పోశారు. అటువాళ్లు నిప్పంటించగానే రాళ్లు ఎగిరి వాళ్ల మీదే పడ్డాయి. ఆపైన వానలు. మంజీర పొంగింది, వాళ్ల దండుకు గింజలు అందలేదు. ఆకలికి చచ్చినవాళ్ల కంపు గాలి మళ్లినప్పుడల్లా నీదాకా వచ్చేది.

ఇక వాళ్ల దగ్గర మిగిలింది డబ్బు. మీ సేనాని అబ్దుర్ రజాక్ లారీకి ఔరంగజేబు ఆశ చూపి ఫర్మానా పంపాడు. లారీ దాన్ని బురుజు మీద అందరికీ చూపించి, అందరి ముందే ముక్కలు ముక్కలుగా చింపేశాడు. ఆ రోజు నీకు కడుపు నిండినట్టయింది.

కిర్రుమంది.

ఇనప గడియ. గోడ బయట కాదు, లోపల. దిడ్డి తలుపు దగ్గర.

వంగి చూస్తావు. తలుపు తెరిచి ఉంది. ఒకడు దూరాడు. ఇంకొకడు. పదిమంది.

అరవాలి. అరిస్తే ఎవరొస్తారు? ఆ దిడ్డి కాపలా అబ్దుల్లా ఖాన్ పన్నీది. మీ సర్దారే. అమ్ముడుపోయాడు.

ఈసారి కుక్క మొరగలేదు.

అరుస్తావు. గొంతు చీరుకుపోయేలా.

నగారాలు. బయట. ఎక్కడ చూసినా మంటలు.

గుర్రం డెక్కల చప్పుడు. లారీ! జీను లేదు. చేతిలో కత్తి. వెనక పన్నెండు మంది. అంతే.

ఎదురుగా వేలమంది.

బరిసె పారేసి చీకట్లో కలిసిపోవచ్చు. ఎవరూ చూడరు.

మెట్లు దిగుతావు. పరిగెత్తు. ఎవడో అడ్డం. పొడువు. బరిసె విరిగింది. నెత్తురు. నీదా? తెలియదు. లారీ ఏడీ? కనబడడు.

నగీనా బాగ్ తోట. ముసలి కొబ్బరిచెట్టు కింద గుర్రం ఆగి ఉంది. దాని కాళ్ల దగ్గర ఒక మనిషి. ఒంటి మీద డెబ్బై గాయాలకు పైనే. ముఖం గుర్తుపట్టేలా లేదు. వంగి, ముక్కు దగ్గర వేలు పెడతావు.

వెచ్చగా తగులుతోంది.