క్యాట్‌కు ఇంగ్లిష్ పదసంపద: తెలుగు తెలిసినవారికి ఒక దగ్గరి దారి

ఐఐఎంలలో ఎంబీఏ ప్రవేశాలకు జరిగే క్యాట్‌ను 2024లో ఐఐఎం కలకత్తా నిర్వహించింది. మొత్తం 68 ప్రశ్నల్లో 24 ఇంగ్లిష్ విభాగానివి. సమయం 40 నిమిషాలు. పదానికి అర్థం నేరుగా అడిగే ప్రశ్నలు ఇప్పుడు దాదాపు లేవు. కానీ వ్యాసం చదివి జవాబివ్వాలంటే అందులోని కఠిన పదాలు అర్థం కావాలి. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో సరైన జవాబుకు 3 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఒక్క పదం దగ్గర పొరబడితే నాలుగు మార్కుల తేడా వస్తుంది.

వేల పదాలను బట్టీ పట్టడం కంటే వాటి మూలాలను పట్టుకోవడం తేలిక. తెలుగులో 'హార'కు ముందు ఉపసర్గ మారితే ఆహారం, విహారం, సంహారం అవుతాయి. ఇంగ్లిష్‌లోనూ అంతే. మాట్లాడడమనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచే ఎలొక్వెంట్ (అనర్గళమైన), లొక్వేషియస్ (వాగుడుకాయ), సొలిలొక్వీ (స్వగతం) వచ్చాయి.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టాయని విలియం జోన్స్ 1786లో ప్రతిపాదించింది కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీలోనే. మృత్యువు-మోర్టల్, దంతం-డెంటల్, నామం-నామినల్ ఆ చుట్టరికానికి గుర్తులు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి తత్సమ పదాల పరిచయం ఇక్కడ ఆసరా అవుతుంది.

అయితే పోలికను గుడ్డిగా నమ్మకూడదు. 'ఎనర్వేట్' అంటే శక్తినివ్వడం అనిపిస్తుంది. అసలు అర్థం నీరసపరచడం. అందుకే మూలాన్ని బట్టి ఊహించి, వాక్యంతో సరిచూసి, నిఘంటువులో నిర్ధారించుకోవాలి. కొత్త పదాన్ని అది కనిపించిన వాక్యంతో సహా రాసుకుంటే, మళ్లీ ఎదురైనప్పుడు అర్థం చప్పున తడుతుంది.