ఆరె పట్టిన చెయ్యికి డిజైనర్ అనే పేరెందుకు రాలేదు?



మన పనుల చరిత్ర రాస్తున్న ఈ వరుసలో ఈసారి చెప్పు గురించి మాట్లాడుకుందాం. చెప్పు అనంగనే కొందరికి నవ్వొస్తది. గుమ్మం బయట విడిచే వస్తువు, కోపమొస్తే తిట్టడానికి వాడే మాట, దాని మీద చరిత్ర వ్యాసమేంది అనిపిస్తది. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడమే ఈ వ్యాసం పని.

ముందు ఈ మధ్య జరిగిన ముచ్చట. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్ నగరంలో ప్రాడా అనే పెద్ద ఫ్యాషన్ కంపెనీ మగవాళ్ల దుస్తుల ప్రదర్శన పెట్టింది. నడిచొచ్చిన మోడళ్ల కాళ్లకు తోలు చెప్పులున్నయి. బొటనవేలు దూరే ఉంగరం, అడ్డంగా పట్టీ, బల్లపరుపు అడుగు. చూసినోళ్లు చూసినట్టే ఇవి కొల్హాపురి చెప్పులు అని గుర్తుపట్టిండ్రు. కంపెనీ మాత్రం మొదట ఉత్త తోలు శాండల్స్ అని చెప్పి ఊరుకుంది. గొడవైనంక, మహారాష్ట్ర వ్యాపారుల సంఘం ఉత్తరం రాసినంక, ఆ రూపానికి మూలం భారతదేశపు చేతిపని అని ఒప్పుకుంది. డిసెంబర్‌లో మహారాష్ట్ర, కర్ణాటక తోలు కార్పొరేషన్లతో ఒప్పందం చేసుకుంది. సుమారు 2,000 జతలు ఇక్కడే కుట్టించి, జత 800 యూరోలకు అటూఇటూగా అమ్ముతమని ప్రకటించింది. మన లెక్కలో అది 80 వేల రూపాయలు దాటుతది.

కొల్హాపురి చెప్పుకు 2019లోనే జీఐ గుర్తింపు వచ్చింది. మహారాష్ట్రలో 4 జిల్లాలు, కర్ణాటకలో 4 జిల్లాలు. ఆ గుర్తింపు రెండు కార్పొరేషన్ల చేతిలో ఉన్నది. ఒకటి సంత్ రోహిదాస్ పేరు మీద, రెండోది బాబూ జగ్జీవన్‌రాం పేరు మీద. ఆ చెప్పు ఎవరిదో ఆ పేర్లే చెప్తయి. అయినా అప్పటి చర్చంతా భారతీయ సంస్కృతిని ఎత్తుకపోయిండ్రు అన్న మాట చుట్టే తిరిగింది. చమార్, ఢోర్, సమగార అనే పేర్లు ఎంతమంది నోట వచ్చినయి? దేశానికి పేరొచ్చింది. కుట్టిన కులానికి రాలేదు. విదేశీ కంపెనీ ఒక్కసారి దాచిన పేరును మనోళ్లు ఎన్ని తరాల నుంచి దాస్తున్నరు?

ఇప్పుడు మన దిక్కు వద్దాం.

మన కరీంనగర్, జగిత్యాల ఊర్లలో కిర్రు చెప్పులుండేవి. మందమైన తోలు అడుగు, గట్టి కుట్టు. అడుగు తీసి అడుగేస్తే కిర్రు కిర్రుమని చప్పుడు. ఆ చప్పుడుకే ఆ పేరు. దొర గడప దాటకముందే దొర వస్తున్నడని వాడకు తెలిసేది. ఈనాటి ప్రకటనల కంపెనీలు బ్రాండ్ గుర్తు అని, బ్రాండ్ శబ్దం అని వేరే పేర్లు పెట్టి నేర్పే విద్య అది. మాదిగ చెయ్యి దాన్ని తోలుతో చేసింది.

ఆ తోలు ఊరికే రాదు. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి ఒలవాలె. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తియ్యాలె. లందెలో తంగేడు చెక్క నీళ్లు పోసి రోజుల తరబడి ఊరబెట్టాలె. కరక్కాయతో పదును పెట్టాలె. ఎన్ని రోజులు ఊరితే ఎంత మెత్తనైతది, మెడ తోలు దేనికి, వీపు తోలు దేనికి, పొట్ట తోలు దేనికి పనికిరాదు అనేది తెలిసి ఉండాలె. ఆనక రంపెతో కోసి, ఆరెతో పొడిచి, తోలు వారుతోనే కుట్టాలె. దీంట్ల రసాయనం ఉన్నది, కొలత ఉన్నది, కాలు గురించిన జ్ఞానం ఉన్నది.

తంగేడును చూడండి. దాని పువ్వు బతుకమ్మ మీదికెక్కింది, తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. దాని చెక్క లందెలోకి దిగింది, ఊరి బయట ఉండిపోయింది. ఒక్కటే చెట్టు. పువ్వు పట్టిన చెయ్యి పండుగైంది, చెక్క పట్టిన చెయ్యి మైలైంది. వస్తువులో మైల ఉంటే చెట్టు మొత్తానికి ఉండాలె గదా!

ఇంకొక వస్తువు మోట. కరెంటు మోటరు రాకముందు మన బావుల నుంచి నీళ్లు తోడింది అదే. పెద్ద తోలు బొక్కెన, దాని అడుగున ఏనుగు తొండం లెక్క ఒక తోలు గొట్టం. రెండు తాళ్లు. ఎడ్లు వాలు దారిలో కిందికి దిగుతుంటే బొక్కెన పైకి లేస్తది. లేచినంతసేపు తొండం మూతి పైకి మడిచి ఉంటది కాబట్టి నీళ్లు కారవు. ఒడ్డుకు రాంగనే తొండం దానంతటదే సాగి కాలువలో నీళ్లు పోస్తది. మనిషి వంగి గుమ్మరించే పని లేదు. వస్తువు ఆకారమే పని చేసిపెడుతది. డిజైన్ అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో ఉంటదా? ఎద్దు పగ్గం, చర్నాకోల, మెడ పట్టెడ, తోలు వార్లు అన్నీ ఇదే వాడ నుంచి వచ్చినయి. ఊరి వ్యవసాయం మాదిగ కుట్టు మీద నడిచింది.

మరి దానికి ఏమిచ్చిండ్రు? పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో వెట్టి ఎట్ల ఉండేదో వివరంగా రికార్డు చేసిండు. తోలు పని చేసేటోళ్లు దొరలకు చెప్పులు, మోటకు, ఎడ్లకు కావలసిన తోలు సామాను ఉత్తగనే ఇయ్యాలె. ఖరీదు లేదు, కూలి లేదు. చెప్పు కుట్టినాయనకు ఆ చెప్పు తొడుక్కొని గడి ముందు నడిచే హక్కు కూడా లేదు. విప్పి చేతిలో పట్టుకోవాలె. తన చేతి పనిని తన కాలికి వాడుకోలేని పనివాడు లోకంలో ఇంకెక్కడన్నా ఉంటడా?

1930లలో బాటా కంపెనీ కలకత్తా పక్కన ఫ్యాక్టరీ పెట్టింది. ఆ ఊరే బాటానగర్ అయ్యింది. ఆ దశకం చివర్లో బాటా వేసిన ఒక ప్రకటన ఇప్పటికీ ప్రకటనల చరిత్ర మాట్లాడేటోళ్ల నోట వినిపిస్తది. చిన్న గాయమైనా ధనుర్వాతం రావచ్చు, జాగ్రత్త, చెప్పులేసుకోండి అని దాని సారాంశం. తెలివైన ప్రకటనే. కానీ అదే కాలంలో మన గడీల ముందు ఉన్న కట్టుబాటును పక్కన పెట్టి చదవండి. కాగితం మీది ప్రకటన అందరినీ చెప్పులేసుకోమంది. దొర గడి కొందరిని విప్పమంది. ప్రకటన కొనేటోని కాళ్లను చూసింది. కుట్టేటోని కాళ్లు వట్టిగున్నయని ఏ ప్రకటనా చెప్పలేదు.

కొండగట్టులో ఈ తేడా కండ్ల ముందే ఉంటది. అంజన్న మాల వేసుకున్న స్వాములు మండుటెండల చెప్పుల్లేకుండ మైళ్లకు మైళ్లు నడిచొస్తరు. అది మొక్కు. ఇష్టపడి విడుస్తరు, మాల తీసినంక మళ్ల తొడుక్కుంటరు. గడి ముందు మన తాతలు విడిచింది మొక్కు కాదు. వాళ్లకు మాల తీసే రోజు రాసిపెట్టి లేదు. ఆ రోజును వాళ్లే తెచ్చుకున్నరు. 1978 సెప్టెంబర్ 7న కొండగట్టు పక్కనే ఉన్న జగిత్యాలలో జైత్రయాత్ర జరిగింది. వెట్టి మీద, దొరల పెత్తనం మీద రైతుకూలీలు వేల మంది కదిలిండ్రు. ఆ తర్వాత నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. మన పల్లెల్లో కాలికి చెప్పు తొడుక్కొని నడిచే హక్కు ఇట్లాంటి పోరాటాల్లోంచి వచ్చింది. ఏ కంపెనీ ప్రకటనా తెచ్చి ఇయ్యలేదు.

హక్కు వచ్చేనాటికి పని పోవడం మొదలైంది. కరెంటు మోటరు వచ్చి మోటను మింగింది. హవాయి చెప్పు, టైరు చెప్పు, ప్లాస్టిక్ చెప్పు వచ్చి కిర్రు చెప్పును మింగినయి. ఇయ్యాల కొండగట్టు గుడి మెట్ల కింద విడిచిన చెప్పుల కుప్పను ఒకసారి చూడండి. రబ్బరు, ఫోము, రెగ్జిన్, పెద్ద బ్రాండ్ల బొమ్మలు. చుట్టుపక్కల ఊర్ల చెయ్యి కుట్టిన జత కోసం ఆ కుప్పలో వెతకాలె.

ఇక్కడ ఒక ప్రశ్న అడగాలె. మన ఉత్తర తెలంగాణలో కళ లేదా? ఉన్నది, గౌరవమూ ఉన్నది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి జీఐ ఉన్నది. నిర్మల్ బొమ్మలకు, నిర్మల్ పెయింటింగ్‌కు, నిర్మల్ ఫర్నిచర్‌కు ఉన్నది. ఆదిలాబాద్ డోక్రాకు ఉన్నది. ఆ కళాకారుల మీద నాకు ఏ పంచాయితీ లేదు, వాళ్ల కడుపులు కూడా నిండుతలేవు. కానీ తెలంగాణ జీఐ జాబితాలో బియ్యపు గింజంత వెండి పనికి చోటు దొరికింది, మాంసంతో చేసే హలీంకు దొరికింది. కిర్రు చెప్పుకు దొరకలేదు. డప్పుకు దొరకలేదు. వెండి తీగను వంచితే కళ, తోలు వారును వంచితే కులవృత్తి. ఈ గీత వస్తువును చూసి గీసింది కాదు. చేసినోని వాడను చూసి గీసింది.

అదే తోలు వాడ దాటితే దాని హోదా ఎట్ల మారుతదో చూడండి. 1948లో మద్రాసులో కేంద్ర చర్మ పరిశోధన సంస్థ వచ్చింది. మన తెలుగు శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ దానికి డైరెక్టరై ప్రపంచంలో పేరు తెచ్చిండు. ఆయన కృషిని నేను తక్కువ చేస్తలేను. లందెలో ఊరినప్పుడు కంపు అన్నదాన్నే ప్రయోగశాలలో ఊరినప్పుడు శాస్త్రం అన్నరు, అది గమనించమంటున్న. హైదరాబాద్‌లో పాదరక్షల డిజైన్ నేర్పే జాతీయ సంస్థ ఎఫ్‌డీడీఐ ఉన్నది. రాయదుర్గంలో దాని చిరునామా ఏందో తెలుసా? లిడ్‌క్యాప్ క్యాంపస్. అంటే తోలు పని చేసే కులాల బాగు కోసమని పెట్టిన కార్పొరేషన్ ఆవరణ. ఆ గేటు లోపల నేర్చుకున్నోళ్లను డిజైనర్లు అంటరు. గేటు బయట ఫుట్‌పాత్ మీద ఆరె పట్టుకొని కూసున్న మనిషిని ఏమంటరు?

అయితే మళ్ల లందె తవ్వుదాం, తాతల పని పట్టుకుందాం అనుడు నా ఉద్దేశం కాదు. బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పిండు, కులం పనిని విభజించి ఊకోలేదు, పని చేసే మనుషులనే విభజించింది. చచ్చిన గొడ్డును మొయ్యమని మన పెద్దలు ఎదురు తిరిగింది ఆత్మగౌరవం కోసం. అంబేద్కర్ విగ్రహాలను చూడండి. సూటు, టై, కాళ్లకు బూట్లు. ఆ బూట్లు అలంకారం కాదు, వట్టి కాళ్ల చరిత్రకు జవాబు. మనం ఇడిసిపెట్టిన రోజు ఆ పని నీచం. మార్కెట్ పట్టుకున్న రోజు అది వారసత్వం. ఈ మోసాన్ని పట్టుకోవాలె.

పట్టుకున్నోళ్లు ఉన్నరు. ముంబైలో సుధీర్ రాజ్‌భర్ అనే కళాకారుడు చమార్ అనే పేరుతోనే స్టూడియో పెట్టిండు. 2015లో మహారాష్ట్రలో గొడ్డుమాంసం నిషేధం వచ్చి ధారావి తోలు పనివాళ్లు దెబ్బతిన్నప్పుడు, పాత రబ్బరుతో వాళ్ల కుట్టు పనినే బ్యాగులుగా, తర్వాత కుర్చీలుగా మార్చిండు. ఆ కుర్చీలు 2024లో అమెరికాలోని డిజైన్ మయామీ ప్రదర్శన దాక పోయినయి, రిహానాతో వార్తలకెక్కినయి. తిట్టుగా వాడిన మాటను లేబుల్ మీద కుట్టుడు తెగువ. మనకు ఆ తెగువ కొత్తది కాదు. చావుకు కొట్టమన్న డప్పును 1994 నుంచి దండోరా ఉద్యమం హక్కుకు కొట్టింది. తెలంగాణ ఉద్యమ సభల్లోనూ డప్పు మోగింది.

అందుకే విద్యార్థి మిత్రులకు మూడు మాటలు. ఒకటి, మీ ఊరి పెద్దల దగ్గర కూసోని తోలు పని మాటలు రాసుకోండి. కిర్రు చెప్పు కుట్టడం తెలిసిన చేతులు మనతోనే పోతున్నయి, చేతులు పోతే పేర్లు కూడా పోతయి. రెండు, మన పిల్లలు డిజైన్ కాలేజీల సీట్లు అడగాలె. తాత పని చెయ్యడానికి కాదు, ఏది కళ ఏది కాదు అని తేల్చే కుర్చీలో కూసోడానికి. మూడు, రూపం వాడుకుంటే పేరు చెప్పాలె, పేరు చెప్తే వాటా ఇయ్యాలె. మిలాన్ కంపెనీని అడిగిన ఈ మాటనే హైదరాబాద్ బొటిక్‌ను, మన ప్రభుత్వాన్ని కూడా అడగాలె.

వచ్చే భాగంలో డప్పు గురించి. చింత కర్ర వలయం, చిర్ర, చిటికెన పుల్ల, ఇప్పుడొస్తున్న ఫైబర్ డప్పు. మీ ఊర్లో డప్పు చేసే పెద్దలుంటే వాళ్లు వాడే మాటలు కింద రాయండి.

జై భీమ్.