ప్రైమరీ పోరులో సిటింగ్ సెనేటర్ల ఓటమి ఎలా?

అమెరికాలో సెనేటర్ పదవీకాలం 6 సంవత్సరాలు. మళ్లీ పోటీ చేయదలచిన సిటింగ్ సెనేటర్‌కు పార్టీ అధిష్ఠానం నేరుగా టికెట్ ఇవ్వజాలదు. ప్రైమరీ ఎన్నికలో ఓటర్లే పార్టీ అభ్యర్థిని నిర్ణయిస్తారు. సార్వత్రిక ఎన్నికలతో పోలిస్తే ప్రైమరీల్లో పోలింగ్ తక్కువ. అందువల్ల సంఘటితమైన చిన్న వర్గం సైతం ఫలితాన్ని తారుమారు చేయగలదు.

ఇండియానా నుంచి 1977లో సెనేట్‌లో అడుగుపెట్టిన రిచర్డ్ లూగర్, 2012 మే నెలలో జరిగిన రిపబ్లికన్ ప్రైమరీలో టీ పార్టీ వర్గం బలపరచిన రిచర్డ్ మర్డాక్ చేతిలో పరాజయం పాలయ్యారు. డెమోక్రాట్లతో సర్దుబాటు ధోరణి, సొంత రాష్ట్రంలో నివసించకపోవడం లూగర్‌పై వచ్చిన ప్రధాన విమర్శలు.

అయితే గర్భస్రావంపై వివాదాస్పద వ్యాఖ్యలు చేసిన మర్డాక్‌ను నవంబరులో డెమోక్రాట్ అభ్యర్థి జో డొనెల్లీ ఓడించారు. దీంతో 36 సంవత్సరాలుగా తమ ఆధీనంలో ఉన్న స్థానాన్ని రిపబ్లికన్లు కోల్పోయారు.