కాగితం అన్న మాట మనదే: కాగజ్, అబ్రీ, రంగ్‌సాజీల కథ



మొన్న మా చిన్నమ్మాయి స్కూలు నుంచి రాగానే సంచి ఒక మూలన పడేసి, మొహం ముడుచుకుని కూర్చుంది. ఆ రోజు క్లాసులో అందరికీ బొమ్మలిచ్చి రంగులు వేయమన్నారట. ఇది రంగుపెన్సిల్ తీయగానే పక్క పిల్ల అడిగిందట, "మీలో బొమ్మలు వేయకూడదట కదా, నీకెందుకు ఇవన్నీ?" అని. ఆ పిల్ల తప్పేం లేదు, ఎక్కడో విన్న మాట అంది. మా అమ్మాయి మాత్రం రాత్రి అన్నం తింటూ మెల్లగా అడిగింది: "అమ్మీ, మనవాళ్ళకు ఈ హునర్ అసలు రాదా?"

"ఎందుకు రాదు బేటీ" అన్నాను. అంతకు మించి చెప్పడానికి ఆ క్షణంలో నా దగ్గర మాటల్లేవు. తర్వాత మా నానీ సందూక్‌లోంచి వచ్చిన పాత గులిస్తాన్ కితాబు తీశాను. దాని జిల్ద్ తెరిస్తే లోపలి వైపు అతికించిన కాగితం మీద మబ్బుల్లా, నీటి సుడుల్లా నీలం, ఎరుపు రంగులు. చిన్నప్పుడు ఎన్నిసార్లో చూశాను. అదేమిటని ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు నా కూతురు అడిగింది. దాని సవాల్‌కు జవాబుగా ఈ నాలుగు మాటలు.

సమర్‌కంద్ నుంచి కోయిల్‌కొండ దాకా

ముందు ఒక చిన్న సంగతి. తెలుగులో మనమందరం, హిందువులైనా ముస్లింలైనా, రోజూ అనే 'కాగితం' ఫార్సీ 'కాగజ్' నుంచి వచ్చింది. 'కలం' అరబీ 'కలమ్'. ఇరవై నాలుగు కాగితాల 'దస్తా', రిజిస్ట్రేషన్ ఆఫీసులో 'దస్తావేజు' కూడా ఆ దారిన వచ్చినవే. అంతకు ముందు మన దగ్గర రాత లేదని కాదు. తాటాకు ఉంది, గంటం ఉంది. కాగితం మాత్రం వస్తూ వస్తూ తన పేరును వెంట తెచ్చుకుంది.

కాగితం పుట్టింది చైనాలో. 751లో, అంటే హిజ్రీ 133లో, తలాస్ నది దగ్గర అబ్బాసీ ఫౌజుకూ చైనా ఫౌజుకూ జంగ్ జరిగింది. అందులో దొరికిన ఖైదీల వల్ల సమర్‌కంద్‌కు ఈ హునర్ అబ్బిందని పాత రివాయత్. వ్యాపారుల వల్ల అంతకు ముందే వచ్చిందనే వారూ ఉన్నారు. ఏదైతేనేం, కొన్ని దశాబ్దాల్లోనే బగ్దాద్‌లో కాగితం తయారు కాసాగింది. అక్కడ సూఖుల్ వర్రాకీన్ అని కాగితాలూ కితాబులూ అమ్మే బజారే వెలిసింది. తొమ్మిదో శతాబ్దంలో ఆ బజారులో వందకు పైగా దుకాణాలుండేవని యాకూబీ రాశాడు.

హిందుస్తాన్‌లో ఈ పని చేసేవాళ్ళను కాగజీలు అన్నారు. కశ్మీర్‌లో సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ పదిహేనో శతాబ్దంలో కాగితం చేసేవాళ్ళనూ, కాగితం ముద్దతో కలందాన్‌లు, డబ్బాలు చేసేవాళ్ళనూ పిలిపించి పోషించాడు. ఆ డబ్బాల పనిలో రెండు భాగాలుంటాయి. ఆకారం తీసేది సఖ్త్‌సాజీ, దాని మీద రంగులు దిద్దేది నక్కాషీ. దక్కన్‌లో దౌలతాబాద్ పక్కన ఒక ఊరి పేరే కాగజీపురా. ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో రాజధానిని దౌలతాబాద్‌కు మార్చినప్పటి నుంచి తమవాళ్ళు అక్కడ ఉన్నారని ఆ ఊరి కాగజీల నమ్మకం.

మన తెలుగు నేల మీద, మహబూబ్‌నగర్ వైపు కోయిల్‌కొండలో కూడా చేతికాగితం తయారయ్యేది. చేతికాగితం చేసే పద్ధతి ఎక్కడైనా దాదాపు ఒకటే. పాత గుడ్డలు, గోనెలు, తాళ్ళు నానబెట్టి, దంచి, సున్నపు నీళ్ళలో వేసి, మళ్ళీ కడిగి, గుజ్జు చేస్తారు. ఆ గుజ్జును నీళ్ళ తొట్టిలో కలిపి, సన్నని పుల్లల జల్లెడతో పైకి తేలుస్తారు. నీరు కారిపోతే పల్చటి పొర మిగులుతుంది. దాన్ని గోడకు అంటించి ఆరబెడతారు. నడుము లోతు గుంటలో, చన్నీళ్ళలో చేతులు పెట్టి రోజంతా చేసే మెహనత్ అది. సుల్తాన్‌ల పేర్లు తారీఖ్‌లో ఉన్నాయి. ఆ గుంటలో నిలబడిన వాళ్ళ పేర్లు లేవు.

తెల్ల కాగితం కళ్ళకు బరువు

కాగితం ఆరగానే దాని మీద రాసేవారు కాదు. చేతికాగితం దూదిలా ఉంటుంది, సియాహీ వేస్తే పాకిపోతుంది. అందుకని బియ్యం గంజో, గోధుమ గంజో పూసేవారు. కొందరు గుడ్డు తెల్లసొనలో పటిక కలిపి పూసేవారు. ఈ పూతను ఆహార్ అంటారు. అది ఆరాక మొహరా, అంటే నున్నటి అకీక్ రాయి లేదా గవ్వతో, కాగితం అద్దంలా మెరిసేదాకా రుద్దేవారు. అప్పుడు కలం దాని మీద జారిపోతూ నడుస్తుంది, గీత అంచు చెదరదు.

రంగు కూడా ముందే వేసేవారు. హిరాత్ దర్బారులో పెద్ద ఖుష్‌నవీస్ సుల్తాన్ అలీ మష్హదీ (వఫాత్ 1520) ఖత్ గురించి ఒక మన్జూమ్ రిసాలా రాశాడు. అందులో కాగితం రంగు గురించీ చెప్పాడు. కంటికి హాయినిచ్చే మధ్యరకం రంగు మేలంటాడు. దానికి ఆయన చెప్పిన నుస్ఖా ఏమిటో తెలుసా? గోరింటాకు, జాఫ్రాన్, కాసిని సియాహీ చుక్కలు. మన ఈద్ ముందు రాత్రి చేతులకు పెట్టుకునే మెహందీయే కితాబులకూ పెట్టారన్నమాట.

కాగితం పల్చగా ఉంటే నాలుగైదు పొరలు లేయీతో అతికించి మందం చేసేవారు. అది వస్లీ. తస్వీర్లకూ, ఖత్ నమూనాలకూ ఇదే ఆధారం. పైన బంగారు రేకు పొడిని చల్లితే జర్‌అఫ్షాన్. చార్మినార్ దగ్గర చాందీ వరక్ కొట్టే సుత్తి చప్పుడు విన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ రేకు మిఠాయి మీదికి వెళ్తుంది, కితాబు మీదికీ వెళ్ళింది.

మబ్బుల కాగితం

ఇక నానీ కితాబు జిల్ద్‌లో ఉన్నది. దాని పేరు అబ్రీ. ఫార్సీలో అబ్ర్ అంటే మబ్బు. తుర్కీలో ఇదే ఎబ్రు, 2014లో యునెస్కో దాన్ని తన విరాసత్ జాబితాలో చేర్చింది. చిక్కటి నీటి మీద రంగు చుక్కలు తేలించి, పుల్లతోనో దువ్వెనతోనో కదిపి, పైన కాగితం పరిచి తీస్తే ఆ నక్షా మొత్తం కాగితానికి అంటుకుంటుంది. ఒకసారి వచ్చిన నక్షా మళ్ళీ రాదు. అందుకే దస్తావేజుల్లో మోసాలు పట్టుకోవడానికి కూడా ఇలాంటి కాగితాలు పనికొచ్చాయి.

ఈ హునర్‌లో దక్కన్‌కు ఒక ఖాస్ జాగా ఉంది. పదహారో శతాబ్దం చివర్లో ఇరాన్ నుంచి మన వైపు వచ్చిన మీర్ ముహమ్మద్ తాహిర్ అనే ఉస్తాద్ అబ్రీలో కొత్త నక్షాలు తీశాడు. ఆయన కాగితాలు తిరిగి ఇరాన్ చేరి అక్కడా నకల్‌కు నమూనా అయ్యాయి. పదిహేడో శతాబ్దంలో బీజాపూర్‌లో ఇంకో ముందడుగు వేశారు. అబ్రీని హాషియాలకే వదిలేయకుండా దానితోనే తస్వీర్ తయారు చేశారు. బొమ్మ రాకూడని చోట గోంద్ పూసి మూసేసి, మిగిలిన చోట మాత్రం మబ్బుల రంగు పట్టనిచ్చారు. ఎముకలు తేలిన బక్క గుర్రం, దాని మీద మనిషి ఉన్న అలాంటి అబ్రీ ఒకటి నేడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆకలికి ఎండిన గుర్రం వొంటి మీద ఆ రంగు సుడులే చర్మమూ పక్కటెముకలూ అయ్యాయి.

అదే కాలంలో గోల్కొండలోనూ కితాబుల పని బాగా సాగింది. మన ముహమ్మద్ కులీ కుతుబ్ షా దఖ్నీ కలాం ఉన్న బంగారు పూతల సచిత్ర ప్రతి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు పిల్లలను ఒకసారి ఆ మ్యూజియానికి తీసుకెళ్ళండి.

మరి తస్వీర్ సంగతి?

మా అమ్మాయి క్లాసులో వచ్చిన మాటకు పూర్తి జవాబు చెప్పాలంటే ఇది దాటవేయకూడదు. ప్రాణుల బొమ్మల గురించి ఉలమాలలో బహస్ ఉంది. దాన్ని తేల్చే ఇల్మ్ నాకు లేదు, మీ ఇంటి తరీకా మీరు పాటించండి. తారీఖ్ మాత్రం ఇలా చెబుతుంది: ముస్‌హఫ్‌లో, మస్జిద్‌లో ప్రాణుల బొమ్మలు పెట్టలేదు. దర్బారు కితాబుల్లో వేశారు. అయితే బొమ్మ వేయని చోట హునర్ ఆగిపోలేదు. పూలు, తీగలు, జ్యామితి, ఖత్, అబ్రీ, జర్‌అఫ్షాన్, ఇన్ని దారులు తెరుచుకున్నాయి. 'మీలో బొమ్మలు వేయరు' అన్న ఒక్క ముక్కలో ఈ తారీఖ్ పట్టదు.

ఇంట్లో చేసి చూడండి

ఇందులో చాలా పనులు వంటింటి సామానుతో అవుతాయి. మేం చేసిన తరీకా ఇది.

కాగితానికి రంగు: ఒక గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల గోరింటాకు పొడి మరిగించి వడకట్టండి. చల్లారాక పళ్ళెంలో పోసి కాగితం ముంచి తీయండి. నీడలోనే ఆరబెట్టండి. పసుపుతో కూడా చేయొచ్చు కానీ ఎండకు తొందరగా వెలిసిపోతుంది.

ఆహార్: పల్చటి గంజిలో చిటికెడు పటిక కలిపి వెడల్పు బ్రష్‌తో పూయండి. ఆరాక ఇంకో పూత. పూర్తిగా ఆరాక నున్నటి గవ్వతో రుద్దండి. తడి ఉండగా రుద్దితే చిరుగుతుంది.

అబ్రీ: మెంతిపొడి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. నీళ్ళు పల్చటి గంజిలా జారాలి. కాగితానికి ముందే పటిక నీళ్ళు పూసి ఆరబెట్టుకోవాలి, లేకపోతే రంగు పట్టదు, కడిగితే పోతుంది. పోస్టర్ రంగును పాలంత పల్చగా చేసి, ఒక చుక్క కుంకుడు రసం కలిపి, నీటి మీద మెల్లగా వదలండి. చుక్క మునిగితే రంగు బరువుగా ఉందని, ఇంకొంచెం నీళ్ళు, ఇంకో చుక్క కుంకుడు రసం కలపాలి. మరీ పాకిపోతే కుంకుడు ఎక్కువైందని. కాగితాన్ని ఒక మూల నుంచి మెల్లగా వాల్చాలి. ఒక్కసారిగా పడేస్తే గాలి బుడగ చిక్కి అక్కడ తెల్ల మచ్చ మిగులుతుంది.

రంగులు నింపడం: పాత నక్కాష్‌లు ఒకేసారి ముదురు రంగు వేసేవారు కాదు. పల్చటి పూత, ఆరనివ్వడం, మళ్ళీ పూత. నీడలను సన్నని చుక్కలతో, గీతలతో తెచ్చే పనిని పర్దాఖ్త్ అంటారు. అంచు గీత చివర్లో. పిల్లల రంగుపెన్సిల్‌కూ ఇదే ఉసూల్ పనిచేస్తుంది. గట్టిగా నొక్కకుండా తేలికగా మూడుసార్లు వేయమనండి, తేడా వాళ్ళకే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. పాత రంగుల్లో జర్నీఖ్ అనే పసుపులో పాషాణం, షంగర్ఫ్ అనే ఎరుపులో పాదరసం ఉంటాయి. వస్లీ లేయీలో పురుగు పట్టకుండా కలిపే నీలా తోతా, అంటే మైలుతుత్తం కూడా విషమే. వీటిని ఇంట్లోకి రానీయకండి.

మిల్లు వచ్చాక

పందొమ్మిదో శతాబ్దంలో మిల్లు కాగితం చవకగా రావడంతో కాగజీల పని సన్నగిల్లింది. నిజాం రాజ్యంలోనూ 1938లో సిర్‌పూర్ పేపర్ మిల్లు వచ్చింది. దాని చుట్టూ పెరిగిన ఊరే కాగజ్‌నగర్. ఆ ఊరి పేరు రైలు బోర్డు మీద చదివేవాళ్ళలో ఎంతమందికి అందులో చన్నీళ్ళ గుంటలో నిలబడ్డ కాగజీ గుర్తొస్తాడు? హునర్ పోయినా పేరు మిగిలింది. పేరు వెనకున్నది పిల్లలకు చెప్పేవాళ్ళు లేకపోతే అదీ పోతుంది.

మాకు మొదటి రెండు అబ్రీలు పాడయ్యాయి. ఒకటి బురదలా వచ్చింది, రెండోదానికి పటిక పూయడం మర్చిపోయాం, కడగగానే రంగంతా కొట్టుకుపోయింది. మూడోది వచ్చింది. మా అమ్మాయి దాన్ని నానీ కితాబు పక్కన పెట్టి చాలాసేపు చూసింది. మిగిలిన కాగితాలతో ఈద్‌కి ఈదీ లిఫాఫాలు చేసింది. ఒకటి పక్క పిల్లకూ తీసుకెళ్ళింది. ఆ పిల్ల, ఇదెలా చేశావని అడిగిందట. మెంతులు తీసుకుని ఆదివారం మా ఇంటికి రమ్మని చెప్పిందట ఇది.