చూసి పెట్టే సంతకం

వై.ఎన్.హొసకోటలో పట్టుచీర మగ్గమెక్కే ముందు దాని డిజైను గ్రాఫు కాగితం మీదికెక్కుతుంది. అంచెంత, కొంగెంత అన్నది ఆ గడులు చూసి నేత ఇంటి ఆడవాళ్లు చెప్పేస్తారు. అదే ఆవిడ బ్యాంకులో అప్పు కాగితాల ముందు కూర్చుంటే మాత్రం, "యాడ సంతకం పెట్టాల సార్?" అని ఒక్కటే అడుగుతుంది. ఆపరేషన్ కాగితం ముందూ అదే ప్రశ్న. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఆ సంతకానికి పెద్ద చరిత్రే ఉంది.

రొమ్మునూ, ఛాతీ కండరాలనూ, చంకలోని గ్రంథులనూ కలిపి తీసివేసే పద్ధతిని అమెరికా వైద్యుడు హాల్‌స్టెడ్ 1894లో ప్రకటించాడు. దశాబ్దాల పాటు అదే రాజ్యమేలింది. గడ్డ పరీక్షకని మత్తిచ్చి, క్యాన్సరని తేలితే ఆ మత్తులోనే రొమ్ము తీసేసేవారు. కళ్లు తెరిచాకే ఆమెకు సంగతి తెలిసేది. 1974లో రోజ్ కుష్నర్ అనే పత్రికా రచయిత్రి దీనికి ఎదురు తిరిగింది. పరీక్ష వేరుగా, ఆపరేషన్ వేరుగా జరగాలని 1979లో అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు సిఫారసు చేసింది.

ఇటలీలోని మిలాన్‌లో వెరొనేసి బృందం చిన్న గడ్డలున్న 701 మందిని రెండు జట్లుగా చేసింది. ఒక జట్టుకు రొమ్మంతా తీశారు. రెండో జట్టుకు గడ్డ ఉన్న భాగం తీసి రేడియేషన్ ఇచ్చారు. ఇరవై ఏళ్ల లెక్క 2002లో వచ్చింది. ప్రాణం నిలవడంలో తేడా లేదు. ఆ చోటే క్యాన్సర్ తిరగబెట్టింది మాత్రం మొదటి జట్టులో 8 మందికి, రెండో జట్టులో 30 మందికి.

మరి ఏ దారి పట్టాలో ఎవరు తేల్చాలి? కెనడాలో వేలన్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ ఒక బోర్డు తయారుచేశారు. రెండు దారులూ, వాటి మంచిచెడ్డలూ పక్కపక్కన కనిపిస్తాయి. 20 మంది సర్జన్ల దగ్గరికి వచ్చిన 201 మందితో చేసిన పరిశీలన 2004లో అచ్చయింది. బోర్డు చూసినవారికి విషయం బాగా తెలిసింది, ఊగిసలాట తగ్గింది. వారిలో 94 శాతం, చూడనివారిలో 76 శాతం రొమ్ము నిలుపుకునే దారి ఎంచుకున్నారు.

లెక్కల మనిషిని గనక, మన తాలూకాకు ఆ బోర్డులో ఇంకో గడి కావాలంటాను. రేడియేషన్‌కు వారాల తరబడి పట్నంలో ఉండాలంటే బస ఖర్చెంత, మగ్గం ఆగే రోజులెన్ని? ఆ గడిలోని మాటలు ఆమె ఇంట్లో మాట్లాడే తెలుగులో ఉండాలి. గడ్డ పెద్దదై ఒకే దారి మిగిలినా, ఎందుకో బొమ్మ గీసి చూపవచ్చు. అన్నీ చూసి, "తీసేయండి సార్" అన్నా సరే, అది ఆమె వేసుకున్న డిజైనే. చూడకుండా పెట్టిన సంతకం మాత్రం ఆమెది కాదు.